లోపం లేని జాయింటు

దీపం మేస్త్రికి అసలు పేరొకటి ఉంది. అది బ్యాంకువాళ్లకూ ఆయన భార్యకూ మాత్రమే తెలుసు. ఆవిడ ఎలాగూ "ఏమండీ" దాటి పిలవదు కనుక ఆ పేరు వాడుకలో బ్యాంకువాళ్లకే మిగిలింది. షెడ్ల వీధి మొత్తానికి ఆయన దీపం మేస్త్రి. నలుగురూ జేబులో కలం పెట్టుకునే చోట ఆయన టెస్టు ల్యాంపు పెట్టుకుంటాడు. ఒక చివర సూది, ఇంకో చివర క్లిప్పు, మధ్య పిడిలో గోరంత బల్బు. సూది గుచ్చిన చోట కరెంటు ఉంటే వెలుగుతుంది, లేకపోతే వెలగదు. ఆ గోరంత వెలుగుతోనే ముప్ఫై ఏడేళ్లు బళ్లకు వైద్యం చేశాడు.

చదువు ఏడో తరగతి వరకే. ఒకే గది, ఒకే పంతులు ఉన్న పల్లెటూరి బడి. ఆ పంతులు ఇరవయ్యో ఎక్కం దాకా అప్పజెప్పనివాణ్ణి ఇంటికి పంపేవాడు కాదు. పదమూడో ఏట స్పానరు పట్టినవాడు ఇరవై నాలుగో ఏటికి సొంత షెడ్డు తెరిచాడు. ఆయన చేసిన పనులు చెప్పడం మొదలుపెడితే ఒక పూట చాలదు. నిప్పంటుకుని డ్యాష్‌బోర్డు దాకా కాలిపోయిన అంబులెన్సుకు మూడు రోజుల్లో కొత్త వైరింగు అల్లి, నాలుగో రోజు రోగిని ఎక్కించిన చెయ్యి అది. ఫోన్లో హారన్ మోగించి వినిపిస్తే, "నీ బండికి ఎర్తు తుప్పుపట్టింది, బ్యాటరీ కింద చూడు" అని చెప్పిన చెవి అది. ముగ్గురు ఇంజినీర్లు రెండు వారాలు కుస్తీపట్టి వదిలేసిన అగ్నిమాపక వాహనం సైరన్‌ను, తాగుతున్న టీ చల్లారేలోగా మోగించాడు. ఆ రోజు అక్కడున్న పెద్ద ఇంజినీరు ముక్కు మీద వేలేసుకుని, "ఎక్కడ చదివావయ్యా?" అని అడిగితే, "బండి కిందే సార్" అన్నాడట.

పని పూర్తయ్యాక ప్రతి జాయింటు మీదా పసుపు టేపు మూడు చుట్లు చుట్టేవాడు. అది ఆయన సంతకం. "పసుపు టేపు ఉన్న చోట వెతక్కు, తప్పు ఇంకెక్కడో ఉంది" అని వీధిలో మిగతా మెకానిక్కులు తమ పనివాళ్లకు చెప్పేవాళ్లు. ఇంతకంటే పెద్ద బిరుదు ఏ సభలో ఇస్తారు?

ఆయన గొప్పల్లో ఇంకొకటి తమ్ముడు. ఎనిమిదేళ్లు చిన్నవాడు. తండ్రి పోయాక చంకనెత్తుకుని పెంచింది అన్నే, స్టీరింగ్ చేతికిచ్చి బండి నేర్పిందీ అన్నే. తమ్ముడు ఆసుపత్రి సిబ్బందిని తీసుకెళ్లే వ్యాను డ్రైవరు. ఇరవై రెండేళ్లలో ఒక్క గీత పడనివ్వలేదు. ఆ వ్యాన్లను నడిపే సంస్థకు నలభై ఒక్క బళ్లు ఉన్నాయి. వాటన్నిటి కరెంటు పని దీపం మేస్త్రిదే.

ఒక ఏడు సంస్థవాళ్లు బళ్లన్నిటికీ ట్రాకర్ డబ్బాలు తెచ్చారు. బండి ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో ఆఫీసు తెర మీద చుక్కలా కనిపిస్తుంది. కొత్త బళ్లలో ఒకదానికొకటి మెలేసుకుని ఉండే రెండు సన్నటి వైర్లు ఉంటాయి. ఇంజనూ స్టీరింగూ మీటర్లూ అన్నీ వాటి మీదే మాట్లాడుకుంటాయి. డబ్బాతోపాటు ఒక క్లిప్పు ఇచ్చారు. వైరు కొయ్యనక్కర్లేదు, క్లిప్పును పైనుంచి తగిలిస్తే చాలు, లోపల జరిగే మాటలు విని డబ్బాకు చేరవేస్తుంది.

"ఇదేం పనయ్యా, తీగ మీద బట్టలారేసినట్టు!" అని మేస్త్రి నవ్వాడు. ఆయన లెక్కలో జాయింటు అంటే పొర ఒలిచి, రాగిని రాగితో కలిపి, సోల్డర్ కరిగించి, టేపు చుట్టేది. అయినా సంస్థవాళ్లు చెప్పినట్టే నలభై ఒక్క బళ్లకూ క్లిప్పులే తగిలించాడు.

నెల తిరక్కుండా తమ్ముడు షెడ్డుకొచ్చాడు.

"అన్నయ్యా, నా చుక్క మళ్లీ మాయమైందట. ఎక్కడ బండి ఆపుకుని పడుకున్నావని ఆఫీసు నుంచి ఫోను. వారంలో ఇది మూడోసారి. నడిరోడ్డు మీద తోలుతున్నవాణ్ణి పట్టుకుని పడుకున్నావా అంటే ఏం చెప్పమంటావు?"

"క్లిప్పు ఊగుతోందిరా. ఇలా తీసుకురా బండిని. నా తమ్ముడి బండికి బట్టల క్లిప్పులేంటి?"

తమ్ముడు టార్చి పట్టుకున్నాడు. మేస్త్రి సీటు కింద దూరి, క్లిప్పు పీకేసి, డబ్బా వైర్లను నేరుగా ఆ రెండు వైర్లకు కలిపి సోల్డర్ చేశాడు. పసుపు టేపు, మూడు చుట్లు. మొత్తం పది నిమిషాల పని. క్లిప్పును సొరుగులో పడేశాడు. ఆ తర్వాత తమ్ముడి చుక్క తెర మీంచి కదల్లేదు. మిగతా డ్రైవర్లు, "అన్న మేస్త్రి అయితే చుక్కలు కూడా మాట వింటాయి" అని ఆటపట్టించేవాళ్లు.

తర్వాత ఆరో నెలలో ఒక ముసురు పట్టిన ఉదయం, పొద్దుటి డ్యూటీ సిబ్బందితో పోతున్న తమ్ముడి వ్యాను వంతెన మలుపు దగ్గర తిరగలేదు. నేరుగా వెళ్లి రాతి గోడకు గుద్దుకుంది. వ్యానులో పదకొండు మంది. పది మంది గాయాలతో బయటపడ్డారు. ముందు సీట్లో కూర్చున్న వార్డు ఆయా అక్కడికక్కడే పోయింది.

ఆసుపత్రి మంచం మీద తలకు కట్టుతో ఉన్న తమ్ముడి నోట, మేస్త్రిని చూడగానే వచ్చిన మొదటి మాట ఇది: "స్టీరింగ్ రాయి అయిపోయింది అన్నయ్యా. లైట్లన్నీ ఒక్కసారే వెలిగాయి. రెండు చేతులతో లాగాను, రాలేదు."

"ఊరుకో. నేను చూస్తాను."

చూశాడు కూడా. సంస్థవాళ్లు తనిఖీకి ముగ్గుర్ని పిలిచారు. యంత్రాల నిపుణుడొకరు, ట్రాకర్ కంపెనీ మనిషి ఒకరు, కరెంటు పనికి దీపం మేస్త్రి. బ్రేకులు బాగున్నాయన్నాడు మొదటివాడు. మా డబ్బా నలభై ఒక్క బళ్లలో ఉంది, మిగతా నలభైకి ఏమీ కాలేదు కదా అన్నాడు రెండోవాడు. మేస్త్రి సగం నుజ్జయిన వ్యాను కింద మూడు గంటలు పడుకుని ఒక్కో వైరూ దీపంతో గుచ్చి చూశాడు. దీపం వెలగాల్సిన ప్రతి చోటా వెలిగింది. సీటు కింద తన జాయింటునూ లాగి చూశాడు. అంత దెబ్బకు కూడా చెక్కుచెదరలేదు. లోపల ఎక్కడో ఒక మూల గర్వం కూడా కలిగింది. తర్వాతి రోజుల్లో ఆయన్ను తొలిచేసింది ఆ గర్వమే. బయటికొచ్చి చేతులు తుడుచుకుని, కాగితం మీద తన పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: "వైరింగులో ఏ లోపమూ లేదు."

బండిలో లోపం లేకపోతే లోపం ఎవరిదవుతుంది? తమ్ముడు కునుకు తీశాడని ప్రాథమిక విచారణలో రాశారు. ఉద్యోగంలోంచి నిలిపేసి లైసెన్సు తీసుకున్నారు. ఆఖరి విచారణ మిగిలి ఉంది. అందులోనూ అదే తేలితే, ఒక మనిషిని నిద్రమత్తులో చంపినవాడన్న ముద్ర చచ్చేదాకా ఉంటుంది.

తమ్ముడు ఇంట్లో కిటికీ పక్క కుర్చీలో కూలబడ్డాడు. చేతులు రెండూ మోకాళ్ల మీద, మధ్యలో జానెడు ఎడంతో. స్టీరింగ్ పట్టుకున్నట్టే ఉండేది. మొదట్లో "రాయి అయిపోయింది" అన్న మాట ఇంకో రెండుసార్లు అన్నాడు. రెండోసారి మేస్త్రి విసుక్కుని, "నేను నా చేత్తో చూశాను కదరా, బండిలో ఏమీ లేదు" అన్నాడు. ఆ తర్వాత తమ్ముడు ఆ మాట ఎత్తలేదు. అసలు ఏ మాటా ఎత్తలేదు.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఒకరోజు మరదలు కంచం కడుగుతూ, తలెత్తకుండానే అంది.

"బావగారూ, ఊళ్లో బళ్లన్నీ మీతో మాట్లాడతాయని అంటారు. ఈ ఒక్క బండికేం కోపం వచ్చిందో మీ మీద."

తల కొట్టేసినట్టయింది మేస్త్రికి. చెప్పులేసుకుని బయటికొచ్చేశాడు.

షెడ్ల వీధి చివర, అందరూ రేడియేటర్ అన్న అని పిలిచే పాత మెకానిక్కు షెడ్డు చాలాకాలం మూతపడి ఉండేది. ఆయన కూతురు పెద్ద చదువులు చదివి, బళ్ల కంపెనీలో పదేళ్లు చేసి, తిరిగొచ్చి ఆ షెడ్డుకు సున్నం వేయించింది. "వాహనాల సైబర్ సెక్యూరిటీ, చేతులతో నేర్చుకునే తరగతి" అని బోర్డు పెట్టింది. వీధిలో అందరూ ఆమెను టీచరమ్మ అనేవాళ్లు, సగం గౌరవంగా, సగం వెటకారంగా. మేస్త్రి ఆ బోర్డు వైపు చూసేవాడే కాదు. ఆ రోజు ఇంటికి పోబుద్ధికాక వీధి చివరిదాకా నడిచాడు.

లోపల పొడుగాటి బల్ల. దాని మీద ఒక కారు కడుపులోని సామాన్లన్నీ పరిచి ఉన్నాయి. మీటర్లు, తలుపు తాళం, దీపాలు, వాటిని కలుపుతూ మెలేసిన రెండు వైర్లు. చక్రాలు లేవు, ఇంజను లేదు. చుట్టూ అరడజను మంది పిల్లలు ల్యాప్‌టాప్‌లతో ఉన్నారు. స్పీడు ముల్లు మెల్లగా లేచి నూట ఇరవై దగ్గర నిలబడింది.

మేస్త్రి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇంజనే లేదు కదమ్మా. నూట ఇరవై ఎలా చూపిస్తోంది?"

టీచరమ్మ తలతిప్పింది. "బాబాయ్! మీరా? మేమే అబద్ధం చెప్పాం. అది నమ్మింది."

"ఎవరు చెప్పారన్నది చూసుకోదా?"

"చూసుకోదు బాబాయ్. ఈ వైరు మీద ఎవరు మాట్లాడినా ఇంట్లో మనిషే అనుకుంటుంది. అదే మా పాఠం."

మేస్త్రి చెయ్యి జేబులోని దీపం మీదికి పోయింది. వైరు తెగలేదు, కరెంటు ఉంది, దీపం వెలుగుతుంది, అయినా బండి అబద్ధం వింటోంది. ముప్ఫై ఏడేళ్లలో ఆయన ఎప్పుడూ వెతకని చోటొకటి ఉందన్నమాట.

"నన్ను చేర్చుకుంటావా?" అన్నాడు.

పిల్లలు కిసుక్కున నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. ఆమెకు ఆయన తమ్ముడి సంగతి తెలుసు.

అరవై ఒకటో ఏట మళ్లీ బడి. బల్ల దగ్గర ఎత్తైన కుర్చీలు ఆయన మోకాళ్లకు పడేవి కావు. మొదటి రోజు అలవాటుగా దీపం సూది వైరులో గుచ్చబోతే టీచరమ్మ చెయ్యి పట్టుకుంది. "బాబాయ్, ఆ దీపం జేబులో పెట్టేయండి. కరెంటు ఉందా లేదా అని అది చెబుతుంది. ఏం మాట్లాడుతోందో చెప్పదు." ఎవరో ముసిముసిగా నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ల్యాప్‌టాప్ తెర మీద అంకెలూ అక్షరాలూ వానలా కురిసేవి. ఆ లెక్క పదులతో కాదు, పదహార్లతో నడుస్తుంది. పిల్లలు ఒక్కో అంకెకూ ఫోన్లు తీస్తుంటే, మేస్త్రి కళ్లు మూసుకుని పదహారో ఎక్కం నోట్లో గొణుక్కుని జవాబు చెప్పేశాడు. ఒకసారి కాదు, వరసగా తొమ్మిదిసార్లు. "తాతా, మీలో కాలిక్యులేటర్ ఉందా?" అన్నాడొకడు. "పంతులుగారి బెత్తం ఉంది" అన్నాడు మేస్త్రి. ఆ తరగతిలో ఆయన నవ్వించింది అదొక్కసారే.

ఇంకో రోజు టీచరమ్మ, తలుపు తాళం తెరిచే మాట ఏదో కనిపెట్టమని వేల మాటలున్న చిట్టా ఇచ్చింది. పిల్లలు ఒక్కోటీ చూస్తూ కూర్చున్నారు. మేస్త్రి చిట్టాను రెండు ముక్కలు చేసి, మొదటి సగం వైరు మీదికి పంపాడు. తాళం కదల్లేదు. రెండో సగం పంపాడు, తెరుచుకుంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేశాడు. పదిహేను నిమిషాల్లో ఒక్క మాట చేతికి దొరికింది.

"ఈ పద్ధతి నేనింకా చెప్పనేలేదే!" అంది టీచరమ్మ.

"దీనికి కూడా చెప్పడమెందుకమ్మా? మేం ఫ్యూజులు పీకేది ఇలాగే."

ఆరు వారాల తరగతిలో నాలుగో వారానికి, పిల్లలు సందేహం వస్తే ముందు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఇదంతా గొప్పే. ఇంకో సందర్భంలో అయితే ఆయన వీధంతా చెప్పుకుని తిరిగేవాడు. ఇంటికెళ్లి భార్యకు కూడా చెప్పలేదు. ఆవిడ అన్నం వడ్డిస్తూ, "ఏమండీ, ఏం నేర్చుకుంటున్నారక్కడ?" అంటే, "చెవిటివాణ్ణని నేర్చుకుంటున్నాను" అన్నాడు.

ఐదో వారం టీచరమ్మ ఆ వైరు మర్యాద చెప్పింది. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే, చిన్న నంబరున్నదే గెలుస్తుంది, పెద్ద నంబరున్నది ఆగాలి. అందరికంటే చిన్న నంబరు సున్నా. సున్నా నంబరుతో ఎవరైనా ఆపకుండా వాగుతూ కూర్చుంటే, బండిలో ఇంకెవరి మాటా ఎవరికీ చేరదు. మీటర్లు బెంబేలెత్తి లైట్లన్నీ వెలిగిస్తాయి. స్టీరింగుకు సాయం చేసే మోటారు, వేగమెంతో తెలియక చేతులెత్తేస్తుంది.

"అప్పుడు స్టీరింగ్ ఎలా ఉంటుందమ్మా?" మేస్త్రి బల్ల మీదికి వంగాడు.

"తిరుగుతుంది. కానీ చాలా బరువు."

"రాయిలాగా?"

టీచరమ్మ ఒక క్షణం ఆయన వైపు చూసింది. "రాయిలాగే బాబాయ్."

మర్నాడే మేస్త్రి పాత సామాన్ల కొట్టుకు పోయి, తమ్ముడి వ్యానులో ఉండే రకం స్టీరింగూ మోటారూ వెతికి పట్టుకొచ్చాడు. బల్లకు బిగించి, చక్రాల బరువుకు బదులు పెద్ద స్ప్రింగులు పెట్టి, రెండు రోజుల్లో నిజం బండి స్టీరింగులా చేశాడు. అలాంటిది బళ్ల కంపెనీలో కూడా ఇంత చక్కగా ఉండేది కాదంది టీచరమ్మ. ఆమె విచారణాధికారికి ఉత్తరం రాసి, వ్యానులోని ట్రాకర్ డబ్బాను పరీక్షకు ఇప్పించుకుంది. డబ్బా లోపలి చిట్టాలో, ప్రమాదం జరిగిన ఉదయమే దాని కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ పంపినట్టు కనిపించింది. బళ్లన్నిటికీ పంపారు, ఒకే సమయానికి.

డబ్బాను పాత స్థితికి తెచ్చి, అదే సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఎక్కించాలని నిర్ణయించారు. సంస్థ కాగితాల్లో ఉన్నట్టే డబ్బాను క్లిప్పుతో బల్లకు తగిలించారు. ఐదు నిమిషాలు గడిచాయి. ముల్లు కదల్లేదు, లైటు వెలగలేదు, స్టీరింగ్ వేలితో తిప్పినా తిరిగింది.

"డబ్బా లోపల ఏదో వాగుతోంది బాబాయ్, కానీ బయటికి రావట్లేదు. ఈ క్లిప్పు వినడానికే, మాట్లాడటానికి కాదు. అందుకే ఏ బండికీ ఏమీ కాలేదు." ఆమె గొంతులో నిరాశ ఉంది. "సారీ బాబాయ్. ఇది కాదు."

బయట ఎవరో రేకును సుత్తితో కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా నిలబడి, అప్పుడు అన్నాడు మేస్త్రి.

"క్లిప్పు తీసేయమ్మా."

"ఎందుకు? బళ్లన్నిటికీ క్లిప్పులే కదా?"

"ఒక్కదానికి కాదు."

ఆయనే సోల్డరింగ్ చేశాడు. టేపు చుట్టలేదు. డబ్బాను మళ్లీ పాత స్థితికి తెచ్చి, ఆమె బటన్ నొక్కింది. మేస్త్రి కుర్చీలో కూర్చుని స్టీరింగ్ పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. మూడో నిమిషంలో మీటర్ల మీద లైట్లన్నీ ఒక్కసారే వెలిగాయి. ల్యాప్‌టాప్ తెర నిండా సున్నాలే. చేతిలోని స్టీరింగ్ బిగుసుకుపోయింది. రెండు చేతులతో లాగాడు. రాలేదు. కాలు బల్లకు తన్నిపెట్టి లాగితే అర జానెడు కదిలింది.

ఆ మలుపులో అర జానెడు చాలదు.

నాలుగు నిమిషాలకు డబ్బా సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడం ముగించి నోరు మూసుకుంది. లైట్లు ఆరిపోయాయి. స్టీరింగ్ మళ్లీ వెన్నలా తిరిగింది, ఏమీ ఎరగనట్టు. తనిఖీ రోజున కూడా అలాగే ఏమీ ఎరగనట్టు ఉంది.

పిల్లలెవరూ ఈసారి నవ్వలేదు. టీచరమ్మ నీళ్లు తెచ్చిచ్చింది. "బాబాయ్, ఇది చెప్పాలంటే జాయింటు ఎవరు చేశారో కూడా చెప్పాలి."

"చేసింది చెప్పుకోవడం నాకు అలవాటేనమ్మా" అన్నాడు మేస్త్రి.

ఆఖరి విచారణ ఒక పొడుగాటి గదిలో జరిగింది. ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. ఒక వైపు సంస్థ మనుషులు, ఇంకో వైపు గోడవారగా, చనిపోయిన ఆయాకు తోడబుట్టిన అక్క. ఒళ్లో తడి గొడుగు పెట్టుకుని కూర్చుంది. తమ్ముడు తలవంచుకుని కుర్చీ అంచున ఉన్నాడు, చేతులు మోకాళ్ల మీద. టీచరమ్మ పరీక్ష గురించి చెప్పింది, తీసిన వీడియో చూపించింది. తర్వాత మేస్త్రి లేచాడు. సొరుగులో ఇన్నాళ్లూ పడి ఉన్న క్లిప్పును బల్ల మీద పెట్టాడు.

విచారణాధికారి కళ్లద్దాలు పైకి జరుపుకుని, కాగితం తిరగేశాడు. "వైరింగులో ఏ లోపమూ లేదని రాసింది మీరే కదా?"

"నేనేనండి."

"ఇప్పుడు ఉందంటున్నారు."

"జాయింటులో లోపం లేదండి. ముప్ఫై ఏడేళ్లలో అంత మంచి జాయింటు చెయ్యలేదు. అక్కడ జాయింటు ఉండటమే లోపం. క్లిప్పు పెట్టమన్నారు. నాకు నామోషీ అనిపించింది. మా తమ్ముడి బండికి గట్టిగా ఉండాలనుకున్నాను. ఇంకే బండికీ చెయ్యలేదు. ఆ ఒక్కదానికే."

"తనిఖీ రోజున ఈ సంగతి ఎందుకు చెప్పలేదు?"

"అది చెప్పాల్సిన సంగతని నాకు తట్టలేదండి. నా పని నేను తప్పని ఎప్పుడు అనుకున్నాను గనక?"

గోడవార నుంచి ఆయా తోబుట్టువు మెల్లగా అడిగింది. "అయితే ఆయన నిద్రపోలేదా?"

"లేదమ్మా" అన్నాడు మేస్త్రి. "మెలకువగానే ఉన్నాడు. లాగాడు."

"రోజూ పొద్దున లేవగానే ఆయన్నే తిట్టుకున్నాను నేను." ఆమె గొడుగు పిడిని తిప్పింది. "ఇకనుంచి ఎవర్ని తిట్టుకోను?"

"నన్నేనమ్మా."

ఆమె ఆయన వైపు చూడలేదు.

డ్రైవరు తప్పు లేదని తేల్చారు. లైసెన్సు తిరిగి ఇచ్చేశారు. ట్రాకర్ కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌ను వెనక్కి తీసుకుంది. దీపం మేస్త్రిని ఇకమీదట సంస్థ బళ్ల మీద చెయ్యి వెయ్యనివ్వకూడదని రాశారు. ఆ సంగతి ఆయన ఇల్లు చేరేలోపే షెడ్ల వీధికి చేరింది. ఎవరూ ఏమీ అనలేదు. కాకపోతే వారం తర్వాత, పక్క షెడ్డు మెకానిక్కు ఒక బండి కింద పడుకుని, పసుపు టేపు కనిపించగానే ముందు దాన్నే విప్పుతుండటం మేస్త్రి చూశాడు. చూసి, షెడ్డు తలుపు వేసుకున్నాడు. మళ్లీ తియ్యలేదు.

అంతకు ముందే, విచారణ అయిన మూడో రోజు తమ్ముడి ఇంటికి వెళ్లాడు. మరదలు మంచినీళ్లిచ్చి, "కూర్చోండి బావగారూ" అని లోపలికి పోయింది. తమ్ముడు కిటికీ పక్కనే, అదే కుర్చీలో ఉన్నాడు. లైసెన్సు ఉన్న కవరు కిటికీ గట్టు మీద, విప్పకుండా అలాగే ఉంది.

"తిట్టరా" అన్నాడు మేస్త్రి. "ఇంకెన్నాళ్లు నోరు మూసుకుంటావు? తిట్టు."

తమ్ముడు కిటికీ బయటికి చూస్తూనే అన్నాడు. "టార్చి పట్టుకున్నది నేనే కదన్నయ్యా."

"అయితే?"

"మొదటి విచారణలో అడిగారు, బండికి ఎవరైనా ఏమైనా మార్చారా అని. లేదన్నాను."

"ఎందుకురా? అప్పుడే చెప్పి ఉంటే ఎవరో ఒకరు చూసేవాళ్లు కదా! నన్ను కాపాడదామనా?"

"కాదు. అలాగైనా బాగుండేది." తమ్ముడి గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. "నువ్వు వ్యాను కింద మూడు గంటలు పడుకుని చూసి, ఏ లోపమూ లేదని రాసిచ్చావు. నువ్వు లేదంటే లేనట్టే. చిన్నప్పటినుంచీ అంతే కదా. మరి బండి బాగుంటే స్టీరింగ్ ఎందుకు బిగుస్తుంది? నాకే అలా అనిపించి ఉంటుంది. కునుకులో కల వచ్చి ఉంటుంది అనుకున్నాను."

"తమ్ముడూ…"

"పధ్నాలుగు నెలలు, నేను నిద్రపోయాననే అనుకున్నానన్నయ్యా. ఆవిణ్ణి నేనే చంపాననుకున్నాను. ఎప్పుడు నిద్రపట్టిందా, వంతెన ముందా, వంతెన దాటాకా అని ఇక్కడే కూర్చుని వెతుక్కున్నాను."

ఎన్నో బళ్లకు ఎన్నో జవాబులు చెప్పిన మనిషి, మంచినీళ్ల గ్లాసును రెండు చేతుల మధ్యా తిప్పుతూ కూర్చున్నాడు. లోపల వంటింట్లో మరదలు చేస్తున్న చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

తమ్ముడే ముందు లేచాడు. "ఆ బల్ల మీది స్టీరింగ్ నాకోసారి చూపిస్తావా?"

ఇద్దరూ షెడ్ల వీధి చివరిదాకా నడిచారు. టీచరమ్మ పిల్లల్ని బయటికి పంపి, డబ్బాను పాత స్థితికి తెచ్చి, బటన్ నొక్కింది. తమ్ముడు కుర్చీలో కూర్చుని స్టీరింగ్ పట్టుకున్నాడు. పధ్నాలుగు నెలలుగా మోకాళ్ల మీద ఎంత ఎడంతో ఉన్నాయో, చేతులు ఇప్పుడూ అంతే ఎడంతో ఉన్నాయి. మూడో నిమిషంలో లైట్లన్నీ వెలిగాయి. తమ్ముడి మోచేతులు బిగుసుకున్నాయి. లాగాడు. మళ్లీ లాగాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"ఇదే" అన్నాడు. "ఇదేనన్నయ్యా."

నాలుగు నిమిషాలు గడిచాయి. లైట్లు ఆరిపోయాయి. టీచరమ్మ బల్లకు కరెంటు కూడా ఆపేసింది. తమ్ముడు స్టీరింగ్ వదల్లేదు. మేస్త్రి వెనక నుంచి వచ్చి ఆ చేతుల మీద తన చేతులు వేశాడు, చిన్నప్పుడు బండి నేర్పేటప్పుడు వేసినట్టు. ఒక్కో వేలూ విడదీద్దామని చూశాడు. తమ్ముడు ఇంకా లాగుతూనే ఉన్నాడు.